ఆరో వంతు నెమ్మది

దసరా సెలవులకు వచ్చిన మా అక్క కొడుకు అరచేతిలో పట్టే ఆటల పెట్టె ఒకటి తెచ్చాడు. పాతకాలపు వీడియో గేములు అందులో వేలల్లో ఉన్నాయట. "మామయ్యా, నీ మారియో కూడా ఉంది" అంటూ చేతికిచ్చాడు. నీ మారియో అన్నాడు చూడండి, ఆ మాటకే మనసు నిండిపోయింది.

మొదలుపెట్టాను. అదే నీలం ఆకాశం, అవే ఇటుకలు, ప్రశ్న గుర్తు వేసిన అవే పెట్టెలు. ఎదురొచ్చిన పుట్టగొడుగును తొక్కాను. ఆకుపచ్చ గొట్టాలు ఎక్కాను, దిగాను. మొదటి గొయ్యి దగ్గర ఎగిరాను. పడిపోయాను. మళ్ళీ ఎగిరాను, మళ్ళీ పడ్డాను. చిన్నప్పుడు పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూ దాటేసిన గొయ్యి అది.

ఇంతలో వంటింట్లోంచి అక్క గొంతు: "అదేంట్రా, పాట ఎవరో తరుముతున్నట్టుంది?"

అప్పటిదాకా తప్పు నా వేళ్ళదే అనుకున్నాను. ముప్పై ఏళ్ళ తర్వాత అవి మాత్రం ఎన్నాళ్ళు మాట వింటాయి! కానీ అక్క చెవికి ఏమైంది? తను ఆట చూడనే లేదు, పోపు వేస్తూ పాట మాత్రం విన్నది. అలా విన్న మనిషికి కూడా ఏదో తేడా కొట్టింది. ఆ తేడా ఏమిటో తెలుసుకోవాలని ఆ రాత్రి కూర్చున్నాను. తెల్లవారుజాము దాకా లేవలేదు.

తొంభైలలో మేం కొనేనాటికి మా తెనాలి వీధిలో వీడియో గేమ్ ఉన్న ఇళ్ళు రెండే. మాది మూడోది. దాన్ని అందరూ వీడియో గేమ్ అనే అనేవారు, దానికో కంపెనీ ఉంటుందన్న ఊహే లేదు. పట్టుకునేది రిమోట్. పైన గుచ్చేది క్యాసెట్. క్యాసెట్ మీద 99999 ఆటలని రాసి ఉండేది. ఆడుతూ పోతే పదో పన్నెండో తేలేవి, మిగిలినవన్నీ వాటికే వేరే పేర్లు. అయినా ఎవరికీ మోసపోయామనిపించలేదు. టీవీ వెనక యాంటెన్నా వైరు పీకి దీని వైరు గుచ్చి, మరలు తిప్పి తిప్పి ఛానల్ పట్టుకునేవాళ్ళం. బొమ్మ రాకపోతే క్యాసెట్ తీసి అడుగున నోటితో ఊదడం. ఊదితే బాగవుతుందన్నది ఆంధ్ర దేశపు నమ్మకమే అనుకునేవాణ్ని, తర్వాత తెలిసింది ప్రపంచంలో పిల్లలందరూ ఊదారని. నోటి తడికి లోపలి రాగి పళ్ళు పాడవుతాయే తప్ప బాగుపడవు. మళ్ళీ తీసి పెట్టినప్పుడు అవి సరిగ్గా ఆనుకుని పనిచేసేది, పేరు మాత్రం మన ఊపిరికి వచ్చేది.

మన ఇళ్ళలో ఉన్నవి అసలు మెషిన్లు కావు. అసలుది జపాన్‌లో నింటెండో వాళ్ళు 1983 జులై 15న విడుదల చేసిన ఫ్యామికాం. అమెరికాలో దానికే పైచొక్కా మార్చి ఎన్.ఇ.ఎస్. అన్నారు. లోపలున్న చిప్పు వేగం సెకనుకు 17 లక్షల 90 వేల టిక్కులు. పని చేసుకోవడానికి దానికున్న జ్ఞాపకం రెండు కిలోబైట్లు. ఈ వ్యాసంలో మొదటి కొన్ని పేరాలు పెట్టినా అందులో పట్టవు. ఆ కాస్త చోటులోనే మారియో పరుగెత్తాడు, డ్రాగన్ నిప్పులు కక్కింది, అవన్నీ మనకు అంత పెద్ద లోకంలా కనబడ్డాయి.

ఇప్పటి పెట్టెలలో ఆ చిప్పు లేదు. ఆ చిప్పులా నటించే ప్రోగ్రాము ఉంది. దాన్నే ఎమ్యులేటర్ అంటారు. వేషగాడు రాజు వేషం కట్టినట్టు, కొత్త మెషిన్ పాత మెషిన్ వేషం కడుతుంది. పాత ఆట దాన్ని చూసి తను ఇంకా 1985లోనే ఉన్నాననుకుని ఆడుతుంది. ఇంతవరకు తేలికే. ఆ వేషం ఎంత నిజంగా ఉండాలన్న దగ్గర అసలు కథ మొదలవుతుంది.

1997లో వచ్చిన నెస్టికల్ లాంటి తొలి ఎమ్యులేటర్లకు కావలసింది ఆట నడవడం, అంతే. అప్పటి కంప్యూటర్లు బలహీనం, కాబట్టి దగ్గర దారులు తొక్కారు. బొమ్మ వస్తోందా, పాట వస్తోందా, చాలు. మనమూ కాలేజీ రోజుల్లో నెట్ సెంటర్లో కూర్చుని అవే ఆడాం. ఎవరమూ వంక పెట్టలేదు.

కొందరు మాత్రం అక్కడ ఆగలేదు. వాళ్ళు ఎందుకు ఆగలేదో అర్థం కావాలంటే మారియో ఆటలో ఒక్క చిన్న బొమ్మను దగ్గరగా చూడాలి.

తెర పైన స్కోరు వరస ఉంటుంది. అందులో మిణుకుమిణుకుమనే చిన్న నాణెం, దాని పక్కన మనం పోగేసిన నాణేల లెక్క. కింద లోకమంతా ఎడమకు జరిగిపోతుంటే ఈ వరస మాత్రం కదలకుండా నిలబడుతుంది. ఇందులో వింతేముంది అనిపిస్తుంది. కానీ ఆ మెషిన్‌కు తెరలో కొంత నిలిపి, కొంత జరపడం స్వతహాగా రాదు. జరిపితే అంతా జరుగుతుంది. మరి ఎలా చేశారు?

పాత టీవీ గొట్టంలో ఒక కిరణం పైనుంచి కిందికి గీత గీతగా బొమ్మ గీస్తుంది. ఆ నాణెం అడుగు అంచున, దాని వెనకాలే, ఇంకో చిన్న ముక్క దాచిపెట్టారు. కిరణం గీస్తూ గీస్తూ వచ్చి ఆ ముక్కను తాకగానే చిప్పులో ఒక గంట మోగుతుంది. ఆట ఆ గంట కోసమే చెవి రిక్కించి కూర్చుంటుంది. మోగిన మరుక్షణం, పై వరస గీయడం అయిపోయింది, ఇక కిందిది జరుపు అంటుంది. ప్రతి బొమ్మకూ ఇదే తంతు, సెకనుకు 60 సార్లు. మనం నాణేలు ఏరుకుంటున్నంతసేపూ ఆ నాణెం కింద ఎవరో కాపలా ఉన్నారన్నమాట. ముప్పై ఏళ్ళ తర్వాత ఇది తెలిసి, ఆ రాత్రి ఆట ఆపేసి కాసేపు ఆ నాణేన్నే చూస్తూ కూర్చున్నాను.

ఎమ్యులేటర్ ఈ గంటను కాస్త ముందో వెనకో మోగించిందా, స్కోరు వరస వణికిపోతుంది. అందుకే తూచా తప్పకూడదని కొందరు పట్టుబట్టారు. ఎంత పట్టుబట్టారంటే, ఆ తరం చిప్పులకు తాత అయిన 6502 అనే చిప్పును 2010లో కొందరు మిత్రులు పైపొర తీసేసి, మైక్రోస్కోపు కింద ఫొటోలు తీసి, అందులోని సుమారు 3500 ట్రాన్సిస్టర్లను, వాటి మధ్య తీగలను ఒక్కొక్కటిగా గీసుకున్నారు. ఆ గీతల్లోంచి చిప్పును కంప్యూటర్లో మళ్ళీ బతికించారు. తాతగారి దస్తూరీని అక్షరం అక్షరం దిద్దుకునే మనవడి ఓపిక అది.

నింటెండో వాళ్ళ తర్వాతి మెషిన్ సూపర్ నింటెండో కోసం బ్యూ అనే మారుపేరుతో ఒక ప్రోగ్రామరు 2004లో మొదలుపెట్టిన పని ఇంకా మొండిది. ఆ మెషిన్ చిప్పు వేగం మహా అయితే 35 లక్షల 80 వేల టిక్కులు. దాన్ని పొల్లుపోకుండా అనుకరించే బీస్‌నెస్ ప్రోగ్రాముకు 300 కోట్ల టిక్కుల కంప్యూటర్ కావలసి వచ్చింది. ఎనిమిది వందల రెట్లు పైమాటే. నిజంలా కనిపించడానికి కొంచెం బలం చాలు, నిజంగా ఉండడానికి ఇంత కావాలి.

ఆ కష్టమంతా ఎవరికోసం? స్పీడీ గొంజాలెస్ అని ఒక ఎలుక ఆట ఉంది. అందులో చివరి దశల్లో ఒక మీట తొక్కగానే పాత ఎమ్యులేటర్లన్నిట్లో ఆట బిగుసుకుపోయేది. కారణం చూస్తే, ఆట ఏమీ లేని చోటుకు వెళ్ళి అక్కడ ఏముందని అడుగుతోంది. అసలు మెషిన్లో ఆ ఖాళీ చోట కూడా తీగల మీద అంతకుముందు నడిచిన అంకె తాలూకు మిగులు ఉంటుంది. అది మారే క్షణం కోసం ఆట ఎదురుచూస్తుంది. ఎమ్యులేటర్లో ఖాళీ అంటే ఖాళీయే. ఆట అలా ఎదురుచూస్తూ ఉండిపోయింది. ఇంట్లో వాళ్ళు వెళ్ళిపోయిన తర్వాత కూడా గదిలో కాసేపు ఉండే వాసన లాంటి ఆ మిగులును కూడా లెక్కలోకి తీసుకున్నాక గాని ఆ ఎలుక ముందుకు కదల్లేదు.

ఇంకో ఆటలో విమానం నీడ. ఎయిర్ స్ట్రైక్ పెట్రోల్ దాని పేరు. విమానం కింద నేల మీద పడే చిన్న నీడను కిరణం గీత మధ్యలో ఉండగా వెలుగు తగ్గించి గీశారు. గీతలను మొత్తంగా గీసే ఎమ్యులేటర్లలో ఆ నీడ పడదు. నీడ లేకపోయినా ఆట ఆగదు. చాలామంది ఆ నీడ ఉండాలని కూడా ఎరగరు. ఎవరూ అడగని ఆ నీడ కోసం ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి మీద నాకు గౌరవం. ముఖం తెలియకపోయినా చేతులు జోడించాలనిపించే గౌరవం.

కొన్నిసార్లు లోపమే ఆటవుతుంది. 1978లో తోమొహిరో నిషికాడో స్పేస్ ఇన్వేడర్స్ తయారుచేసినప్పుడు చిప్పుకు శత్రువులన్నిటినీ ఒక్కసారే కదిలించే సత్తా లేదు. మెల్లగా కదిలేవి. వాటిని కాల్చి తగ్గించేకొద్దీ చిప్పుకు భారం తగ్గి, మిగిలినవి వేగం పుంజుకునేవి. చివరి ఒక్కటి పిచ్చి పరుగు. ఆయన దాన్ని సరిచేయలేదు, అలాగే ఉంచారు. ఆ గుండెదడే ఆ ఆట. మన కాంట్రా ఆటలో తూటాలు ఎక్కువైనప్పుడు బొమ్మలు మినుకుమినుకుమనడమూ అంతే. ఒక గీత మీద 8 కదిలే బొమ్మ ముక్కలకు మించి ఆ మెషిన్ గీయలేదు. ఎక్కువైతే ఆట వాటికి వంతులు వేసి గీయించేది. ఆ మినుకు తీసేసే సదుపాయం ఇప్పటి ఎమ్యులేటర్లలో ఉంది. తీసి చూశాను. బొమ్మ శుభ్రంగా ఉంది, యుద్ధం మాత్రం ఎక్కడో పోయింది.

మా ఇంట్లో ఘంటసాల భగవద్గీత క్యాసెట్ ఒక చోట టేపు నలిగి గొంతు ఒక్కసారి మునిగి తేలేది. తర్వాత సీడీ వచ్చింది. ఆ చోటు రాగానే ఇంట్లో అందరం ఒక్క క్షణం ఊపిరి బిగబట్టాం. గొంతు మునగలేదు. నాన్నగారు "ఇదీ బాగానే ఉంది" అన్నారు, కానీ ఆయన వేలు కుర్చీ చేతి మీద ఆ చోట ఆగింది.

అన్నీ తిరిగి రావు. బాతుల ఆట గన్ను గుర్తుందా? టీవీ అద్దానికి ఆనించి మరీ కాల్చేవాళ్ళం. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క రెప్పపాటు నల్లబడి, బాతు ఉన్న చోట తెల్ల డబ్బా వెలిగేది. గన్నులోంచి గుండు బయటికి వెళ్ళేది కాదు, వెలుగు లోపలికి వచ్చేది. చీకటి తర్వాత వెలుగు కనిపిస్తే బాతు పడినట్టు. ఆ లెక్క పాత టీవీ కిరణంతో కుదుర్చుకున్నది. ఇప్పటి పలక టీవీలు బొమ్మను కాస్త పట్టి ఉంచి ఆలస్యంగా చూపిస్తాయి. గన్ను చూసే వేళకు అక్కడ దాని వెలుగు ఉండదు. గన్ను బాగానే ఉంది, ఆటా ఉంది, ఆ రెండిటి మధ్య మాట కలిపే టీవీయే అటక మీదికి, అక్కణ్నించి పాత సామాన్లవాడి బండిలోకి పోయింది.

ఆ టీవీతో పోయినవి ఇంకా ఉన్నాయి. ఆ తెర మీద చుక్కకూ చుక్కకూ మధ్య అంచులు కరిగేవి. గీసినవాళ్ళకు ఆ సంగతి తెలుసు. 1991 నాటి సోనిక్ ఆటలో జలపాతం దగ్గరికి వెళ్ళి ఇప్పటి తెర మీద చూస్తే నిలువు చారలు కనబడతాయి, దువ్వెన పళ్ళలాగా. ఆనాటి మామూలు వైరులోంచి పాత టీవీకి చేరేసరికి ఆ చారలు కలిసిపోయి, అవతలిది కనిపించే పల్చటి నీరయ్యేది. సగం నీటిని చిత్రకారుడు గీశాడు, మిగతా సగాన్ని మసకే గీసింది.

ఇక అక్క అడిగిన ప్రశ్నకు వస్తాను.

జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 బొమ్మలు గీసేవి. మన టీవీలు పాల్ పద్ధతివి, 50 గీసేవి. ఆటకు గడియారం ఆ బొమ్మల లెక్కే. ఒక బొమ్మకు ఒక అడుగు, ఇన్ని బొమ్మలకు ఒక స్వరం. 60కి రాసిన ఆటను 50 మీద నడిపితే అన్నీ ఆరో వంతు నెమ్మదిస్తాయి. మారియో నడక, ఎగురు, గాలిలో ఉండే సేపు, పాట. అంటే తెనాలిలో మేం ఆడిన మారియో జపాన్ పిల్లలు ఆడిన మారియో కన్నా నింపాదైన మనిషి. గొయ్యి మీద కాస్త ఎక్కువసేపు తేలేవాడు. మా వేళ్ళు నేర్చుకున్నది ఆ తేలడాన్నే. మేనల్లుడి పెట్టె తప్పు చేయలేదు. అది అసలు వేగాన్ని అచ్చు దించినట్టు చూపించింది. ఆ అసలును మేం ఎన్నడూ చూడలేదంతే.

ఇక్కడితో అయిపోయిందనుకుని కంప్యూటర్ కట్టేయబోయాను. ఒక మంచి ఎమ్యులేటర్ సెట్టింగుల్లో చివరిగా అటూ ఇటూ చూస్తుంటే, దేశం ఎంచుకునే చోట మూడు పేర్లు కనబడ్డాయి. ఒకటి అమెరికా, జపాన్‌ల పద్ధతి. రెండోది పాల్. మూడోది డెండీ.

డెండీ అంటే రష్యాలో 1992 నుంచి అమ్మిన నకలు మెషిన్. నింటెండో మెషిన్‌కు నకలు, మన ఇళ్ళలోని వాటిలాగే. తైవాన్‌లో చేసిన నకలు చిప్పులు ఇలాంటి వాటిలో ఉండేవి. 50 బొమ్మల టీవీ మీద 60 బొమ్మల ఆటలు చెడకుండా నడవాలని ఆ చిప్పు చేసినవాళ్ళు లోపల లెక్కలు కొంచెం సర్దారు. దానివల్ల శృతి దాదాపు అలాగే ఉండి, తాళం మాత్రం నెమ్మదించింది. అసలు పాల్ మెషిన్లో శృతి కూడా దిగిపోతుంది.

ఇంకో చోట, శబ్దం పేజీలో, చిన్న గడి ఒకటి ఉంది. పాత నకలు మెషిన్ల శబ్దం కావాలంటే ఇక్కడ టిక్కు పెట్టండి అని. ఆ చిప్పుల్లో కొన్నిటిలో ఎక్కడో రెండు తీగలు తారుమారయ్యాయి. దాంతో రెండు రకాల శబ్దాలు ఒకదాని చోట ఒకటి పలికేవి. స్వరం మారదు, గొంతు మారుతుంది. ఒకే కీర్తన సన్నాయి మీద రావలసింది క్లారినెట్ మీద వచ్చినట్టు.

చాలాసేపు ఆ గడి దగ్గరే ఆగిపోయాను. అసలును కాపాడేవాళ్ళు లోకంలో ఉంటారు. అసలుకు విలువ ఉంటుంది, పేరుంటుంది, పెట్టెలో పెట్టి దాచే మ్యూజియాలుంటాయి. నకలును ఎవరు కాపాడతారు? అందులోని పొరపాటును ఎవరు గుర్తు పెట్టుకుంటారు? మా నాన్నగారు జీతం రోజున గుంటూరు వెళ్ళి, ఏది అసలో ఏది నకలో తెలియక, అట్ట మీద బొమ్మ బాగుందని కొనుక్కొచ్చిన మెషిన్ అది. ఆ మెషిన్‌లోని తప్పు గొంతును మేం పాట అనుకుని పెరిగాం. ఎక్కడో ఎవరో, మాలాంటివాళ్ళు కోట్లమంది ఉన్నారని తలచి, వాళ్ళు విన్నది కూడా నిజమేనని, వాళ్ళకోసం ఒక గడి పెట్టి ఉంచారు. డెండీ ఆడిన మాస్కో పిల్లాడికీ నాకూ చుట్టరికం కలిపిన గడి అది.

మర్నాడు మధ్యాహ్నం లాప్‌టాప్‌ను టీవీకి తగిలించి డెండీ ఎంచుకున్నాను. గడిలో టిక్కు పెట్టాను. మేనల్లుడు "స్లో అయిపోయిందేంటి మామయ్యా" అన్నాడు. నిజమే, వాడికి స్లోనే.

మొదటి గొయ్యి వచ్చింది. ఎగిరాను. మారియో గాలిలో ఆ ఒక్క క్షణం ఎక్కువసేపు ఉన్నాడు. అవతల గట్టు మీద దిగాడు.

అక్క చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏమీ అనలేదు. పాట ఒక చుట్టు తిరిగేదాకా విని, వచ్చి నేల మీద నా పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "ఇద్దరిది పెట్టు" అంది. ఆట మళ్ళీ మొదటికి తెచ్చి ఇద్దరిది పెట్టాను. పచ్చ చొక్కావాడు ఎప్పుడూ తనదే. మారియోలో ఇద్దరు ఒకేసారి ఆడడం కుదరదు, ఒకరు చచ్చాకే ఇంకొకరి వంతు. చిన్నప్పుడు తనది ఎప్పుడూ రెండో వంతు, తెరకేసి చూస్తూ నేనెప్పుడు చస్తానా అని కాచుకునేది.

ఈసారి తొందరగానే చచ్చాను. రిమోట్ అందించాను.